లుబ్ధావధానుల భయము: కన్యాశుల్కమున ధనమనస్తత్త్వము

అరిషడ్వర్గములలో లోభము మూడవది. కామక్రోధములకు మన కావ్యములలో లభించిన మర్యాద దీనికి లభింపలేదు. కాముకుడు శృంగారనాయకుడు కావచ్చును. కోపిష్ఠి వీరుడు కావచ్చును. లోభి మాత్రము నవ్వులపాలగుటకే పుట్టినవాడు. శతకకర్తలు వానిని తిట్టిరి, చాటుకవులు వెక్కిరించిరి, పౌరాణికులు వానికి నరకమున చోటు చూపిరి. ఒక్క కాసు చేయి జారునపుడు వాని గుండెలో నేమి జరుగుచున్నదని అడిగినవారు తక్కువ. అట్లడిగిన కొలదిమందిలో గురజాడ అప్పారావుగా రొకరని నా అభిప్రాయము.

కన్యాశుల్కము 1892లో విజయనగరమున తొలుత ప్రదర్శింపబడినది, 1897లో అచ్చుపడినది, 1909లో సమూలముగ మార్పుచెంది రెండవకూర్పుగా వెలువడినది. ఈ వ్యాసమునకు ఆధారము రెండవకూర్పు. ఈ నాటకమును గూర్చి వ్రాసినవారు దీని సంఘసంస్కారదృష్టిని, వాడుకభాషను, హాస్యమును విస్తరించి చెప్పియున్నారు. ధనము విషయమున మాత్రము విమర్శ తఱచుగ ఒక్క వాక్యముతో తృప్తిపడుచున్నది: అగ్నిహోత్రావధానులు ధనాశాపరుడు, లుబ్ధావధానులు పిసినారి, గిరీశము దుబారామనిషి, రామప్పపంతులు దళారి, మధురవాణి వేశ్యయయ్యు ఉదారురాలు. ఇవి పేరుచీటీలే కాని వివరణములు కావు. లుబ్ధావధానుల పేరులోనే లోభమున్నది గదా, ఇక చెప్పవలసిన దేమున్నదని మన మూరకుందుము. ఆ పేరు మనలను మోసగించుచున్నది. నాటకమును నిదానముగ చదివినచో ఆ ముదుసలిని నడపునది ధనమునందలి ప్రీతికంటె మనుష్యులయందలి భయమని తేలును. ఆ భయమే రూపుమార్చుకొని తక్కినవారిలోను పనిచేయుచున్నది. దీనిని చూపుట ఈ వ్యాసోద్దేశము.

ముందుగ అంకెలు చూడవలెను. ధనమును గూర్చి మాటలాడుచు లెక్క చెప్పకుండుట భావ్యము కాదు. తొలికూర్పునకు ఆంగ్లమున వ్రాసిన పీఠికలో అప్పారావుగారు, ఆనందగజపతి మహారాజు విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణకుటుంబములలో జరిగిన శుల్కవివాహములకు పట్టిక వ్రాయించిన సంగతి తెలిపిరి. మూడేండ్లలో నమోదైనవి 1034. అనగా ఏటికి సగటున 344. అందు 99 మంది బాలికలకు వయస్సు ఐదేండ్లు, 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు, ముగ్గురికి ఒక్కయేడు. చంకబిడ్డలకు చెల్లిన వెల తలకు 350 మొదలు 400 రూపాయలవఱకు. గర్భమందున్న శిశువునకుగూడ బేరము కుదుర్చుట కలదని ఆయన చెప్పిరి. నాటకమున సుబ్బికి కుదిరిన వెల 1800 రూపాయలు. 1899లో సవరను పదునైదు రూపాయలకు చెల్లునట్లు ప్రభుత్వము నిర్ణయించినది. ఆ లెక్కను ఇది నూటయిరువది సవరనుల బంగారము. గిరీశము సంతసామాను కొనిపెట్టెదనని పూటకూళ్లమ్మవద్ద పుచ్చుకొని ఖర్చుపెట్టిన ఇరువది రూపాయలకు ఇది తొంబది రెట్లు. తరగతిలో ఈ నాటకము చెప్పునపుడు ఎంత నవ్వుచున్న విద్యార్థులైనను ఈ అంకెలయొద్ద నవ్వుట మానుదురు. కొనువాడు ముదుసలియైన కొలది వెల హెచ్చుననియు, పిల్ల పసిదైన కొలది తగ్గుననియు ఈ రెండు అంకెలను కలిపి చూచినచో ఊహింపవచ్చును. తొందరకు ధర యెక్కువ. ముసలివానికి ఆగుటకు వ్యవధి లేదు.

శుల్కశబ్దము సంస్కృతమున సుంకమునకును వెలకును పేరు. కన్య తండ్రి కొంచెమైనను శుల్కము గ్రహింపరాదనియు, గ్రహించినవాడు సంతానమును విక్రయించినవాడే యగుననియు మనుస్మృతి నిషేధించినది. ధనమిచ్చి కన్యను తెచ్చుకొను వివాహమునకు ఆసురమని పేరు పెట్టినది. నాటకమున అవధానులిరువురును వేదము చదివినవారు. వారికీ మాట తెలియదనుకొనుట కష్టము. తెలిసియు చేయుటకు భాషయే వారికి సాయపడినది. ఒకే రూపాయికి మనవారెన్ని పేర్లు పెట్టిరో చూడుడు. గుడిలో దక్షిణ, పండితునకు సంభావన, పెండ్లిలో చదివింపు, కొన్ని కులములలో ఓలి, కచేరిలో మామూలు. పేరు మారగనే రూపాయి గుణమును మారినట్లు తోచును. వివియానా జెలిజర్ అను సాంఘికశాస్త్రజ్ఞురాలు 1994లో ప్రకటించిన గ్రంథమున, జనులు ధనమును ఒకే రాశిగ చూడక దాని రాకపోకలను బట్టి వేర్వేరు మూటలుగ కట్టుకొందురని అమెరికా సంసారముల చరిత్రనుండి నిరూపించినది. ఈ సంగతి మన నిఘంటువులకు ముందే తెలియును. శుల్కమను మాట అమ్మకమను మాటపై కప్పిన శాలువ. అప్పారావుగారు దానిని నాటకమునకు పేరుగ పెట్టి, ఏడంకములలో మెల్లగ లాగివేసిరి.

ఇక లుబ్ధావధానులు. ఇతడు పిసినారియైనచో పదునెనిమిదివందలు పోసి పెండ్లాడ బూనుటేమి? ఈ ప్రశ్న తేలికగ కనబడును గాని దీనికి సమాధానము చెప్పక ఆ పాత్రను గూర్చి వ్రాయుట వ్యర్థము. వార్ధక్యమున కామము లోభమును జయించినదని కొందఱు సరిపెట్టుకొందురు. అంత బలమైన కామ మితనిలో నాకు కనబడదు. పెండ్లికూతురు రూపమును గూర్చి ఇతనికి గల ఆతురత, ఖర్చును గూర్చి గల ఆతురతలో పదవపాలు లేదు. సమాధానము ఇతని ఇంటిలో నున్నది. ఇంట మీనాక్షి కలదు; ఆమె విధవయైన కూతురు; ఆమెకు రామప్పపంతులతో గల సంబంధము ఊరికి తెలియును. ఇరుగున పంతులున్నాడు, హితుడై వచ్చి, తన లాభము తాను చూచుకొని పోవును. ఇంట పనికి అసిరిగాడున్నాడు. బంధువు గిరీశమున్నాడు, వాని సంగతి ముందు చెప్పెదను. ఈ నలుగురిలో ఇతడు నమ్మదగినవాడు లేడు. ధర్మశాస్త్రకారులు తన్నును, ధర్మకార్యములను, ఆలుబిడ్డలను పీడించి ధనము కూర్చువానికి కదర్యుడని పేరు పెట్టిరి. భాగవత ఏకాదశస్కంధమున అవంతీదేశపు బ్రాహ్మణునికథ యున్నది. అతడు కృషివాణిజ్యములచేత ఆర్జించి, కుడువక, పెట్టక, ఆలుబిడ్డలకు పగవాడై, తుదకు దాయాదులచేతను, దొంగలచేతను, రాజులచేతను సర్వము కోల్పోయి భిక్షువగును. అక్కడ లోభము ముందు, ఒంటరితనము వెనుక. అప్పారావుగారి నాటకమున ఈ క్రమము తలక్రిందైనది. లుబ్ధావధానులు ముందే ఒంటరి. మనిషిని నమ్మజాలక ధనమును నమ్మినవాడు. అట్టివానికి ముసలితనమున తనదియని చెప్పుకొనుటకు ఒక మనిషి కావలసివచ్చినది. ఒక వస్తువు తనది యగుటకు అతనికి తెలిసిన త్రోవ ఒక్కటే: వెలయిచ్చి కొనుట. స్నేహముచేతనో సేవచేతనో దయచేతనో ఒక మనిషి తనవాడు కాగలడని ఇతనికి జీవితము నేర్పలేదు. కనుక పదునెనిమిదివందలు ఇతని లోభమునకు విరుద్ధము కాదు; అదియు లోభమే. వెల హెచ్చైన కొలది సొమ్ము గట్టిగ తనదగునని ఇతని లెక్క.

ఈ లెక్క ఎచట చెడునో చూచుట మఱింత ఉపయుక్తము. గిరీశము వ్రాసిన ఉత్తరమును స్మరింపుడు. అగ్నిహోత్రావధానులు ఏనుగులు మొదలగు ఆర్భాటముతో, పెద్ద పరివారముతో పెండ్లికి తరలివచ్చుచున్నాడని అందలి సారము. దానిని విన్న లుబ్ధావధానులకు కాళ్లు చల్లబడును. పదునెనిమిదివందలకు వెఱవనివాడు ఏనుగు మేతకు వెఱచినాడు. ఇది ప్రేక్షకులను విరగబడి నవ్వించు ఘట్టము. కాని లోభిమనస్సును గూర్చి తెలుగున ఇంతకంటె నిశితమైన పరిశీలనము నేనెఱుగను. పదునెనిమిదివందలకు ఒక చివర యున్నది. అది లెక్కపెట్టి ఇచ్చి చేయి దులుపుకొనదగినది. ఏనుగునకు చివర లేదు. అది ఎన్ని దినములుండునో, ఎంత తినునో, దాని వెంట నెవరు వత్తురో తెలియదు. లోభి భయపడునది మొత్తమునకు కాదు, హద్దు లేనితనమునకు. బేరమాడుటయందు వాని కున్న ప్రీతియు నిందువలననే. బేరము హద్దు గీయుట. అతిథి, బంధువు, భిక్షుకుడు, రోగము, ఉత్సవము: వీనికి హద్దు లేదు, కావుననే ఇవి లోభికి శత్రువులు. నష్టమువలని బాధ అంతే లాభమువలని సంతోషముకంటె మనస్సునకు బరువుగ తోచునని కానమన్, ట్వెర్‌స్కీ అను మనస్తత్త్వవేత్తలు 1979లో ప్రకటించిరి. అది మానవులందఱకు సామాన్యమైన ధర్మము. లుబ్ధావధానులలో దానికి మఱియొకటి తోడైనది. జరిగిన నష్టముకంటె జరుగబోవు నష్టమే వానికి ప్రత్యక్షము. ఆ ఏనుగును అతడు చూడలేదు. ఐనను అది ఆతని పెరటిలో అప్పుడే మేయుచున్నది.

తరువాతి కథ ఈ భయమునుండియే పుట్టినది. హద్దు లేని పెండ్లిని తప్పించుకొనుటకు అతడు హద్దున్న పెండ్లిని, తక్కువ వెలకు దొరకిన పెండ్లిని వెదకుకొనును. కరటకశాస్త్రి గుంటూరు శాస్త్రులై, శిష్యుని ఆడువేషమున తెచ్చి, ఆ వెలకే అమ్మును. చవుకయని కొన్న పిల్ల పిల్లయే కాదు. ఆ పిల్లకు ఇదివఱకే పెండ్లియైనదను మాట పుట్టి, చచ్చిన మగని దయ్యము ఇల్లు చేరి, పూజారి గవరయ్య దానిని సీసాలో బంధించి, తుదకు పిల్ల మాయమై, హత్యానేరము ముసలివాని తలపై పడును. లోభికి ఖర్చెక్కువ అను సామెతను ఇంత నిష్ఠతో నడపిన కథ మఱియొకటి లేదు. ఆ సీసాను చూచి నవ్వుచు మనము విస్మరించు విషయ మొకటి యున్నది. ఇతనికి భూతప్రేతములయందు గల భయమును ఖర్చునందు గల భయమును ఒకే జాతివి. రెండును కంటికి కనబడవు. రెండింటికిని హద్దు లేదు. రెండింటిని గూడ ఎవడో యొకడు మూత బిగించి పెట్టినగాని ఇతనికి నిద్ర రాదు.

గిరీశము లుబ్ధావధానులకు పెద్దతల్లి బిడ్డవరుస. విమర్శకులీ బంధుత్వమును కథకు కావలసిన అల్లికగ మాత్రము చూచి విడిచిరి. జర్మను తత్త్వవేత్త గియోర్గ్ జిమ్మెల్ 1900లో ప్రకటించిన ధనతత్త్వ గ్రంథమున, పిసినారియు దుబారామనిషియు పరస్పరవిరుద్ధులు కారనియు, ఒకే వ్యాధికి రెండు ముఖములనియు వాదించినాడు. పిసినారికి కొనబోవు వస్తువుతో పనిలేదు. కొనగల శక్తిని చేతనుంచుకొనుటయే వాని భోగము. దుబారామనిషికిని వస్తువుతో పనిలేదు. వెదజల్లు క్షణమే వాని భోగము. ఇద్దఱికిని ధనము సాధనము కాక సాధ్యమైనది; ఇద్దఱికిని పరిమితి తెలియదు. అప్పారావుగారిపై జిమ్మెల్ ప్రభావమును వెదకుట అనవసరము. కృష్ణానదికి నైలునదికి నీరు ఒకే మబ్బునుండి రానక్కఱలేదు. కాని జిమ్మెల్ తర్కముచేత కనుగొన్న దాయాదిత్వమును మన నాటకకర్త వంశవృక్షముననే చూపినాడన్నది విస్మరింపరానిది.

గిరీశము చేతిలో ధనము నిలువదనుట సత్యమే. కాని ఆ ధన మేనాడును అతనిది కాదు. పూటకూళ్లమ్మ సొమ్ము మధురవాణికి పోయినది. మధురవాణితో కూడి తీయించుకొన్న ఛాయాపటమునకు బాకీ నిలిచినది. బాకీకై వచ్చిన బంట్రోతునకు ఇంగ్లీషు మాటలు చెల్లింపబడినవి. ఇతని టంకసాలలో అచ్చగునది వాక్కు. దానిని వెంకటేశమునకు విద్యగను, బుచ్చమ్మకు సంస్కారముగను, అగ్నిహోత్రావధానులకు దావా నైపుణ్యముగను మార్చి ఇచ్చుచుండును. ఎచటను రొక్కము చేతులు మారదు, నమ్మకము మారును. అన్న నమ్మకమును పెట్టెలో దాచి తాళము వేసినవాడు. తమ్ముడు దానిని అందఱియొద్ద అప్పు తెచ్చి ఎగవేసినవాడు. అన్నకు మనుష్యులనిన భయము. తమ్మునకు ఒంటరిగ, ఋణదాతల యెదుట, తన అసలు విలువ బయటపడు గడియ యనిన భయము. మధురవాణి ఇంట మంచము క్రింద దూరినపు డతడు నవ్వించును గాని, అతని జీవితమంతయు ఆ మంచము క్రిందనే గడచుచున్నది.

లోభమునకు కారణము శైశవమున వెదకవలెనని చెప్పువారు కలరు. ఫ్రాయిడ్ 1908లో వ్రాసిన చిన్న వ్యాసమున పొదుపు, మొండితనము, అతిక్రమబద్ధత అను మూడు గుణములు తఱచుగ ఒకేచోట కనబడుననియు, వాని మూలము పసితనపు శరీరవ్యాపారములలో గలదనియు ప్రతిపాదించినాడు. ఈ సిద్ధాంతమును లుబ్ధావధానులకు అతికింపవలెనని ఉబలాటపడు విద్యార్థులు నాకు పెక్కురు తారసిల్లిరి. నేను దానికి సమ్మతింపను. నాటకమున లుబ్ధావధానులకు బాల్యము లేదు. లేని బాల్యమును మనము వ్రాసి, దానినుండి ఉన్న పాత్రను వివరించుట విమర్శ కాదు, మఱియొక నాటకము వ్రాయుట. నాటకము ఇచ్చిన సాక్ష్యము పెద్దవారి సంసారమున నున్నది, అది చాలును.

మోలియేరు 1668లో ప్రదర్శించిన పిసినారి నాటకముతో పోలికయు ఇట్లే జాగ్రత్తగ చేయవలసినది. హార్పగానుకూడ ముసలితనమున పడుచుపిల్లను పెండ్లాడగోరును. కట్నము లేకుండ కూతు నీయజూచును. కాని హార్పగానునకు తోటలో పాతిన పెట్టె యున్నది. అది పోయినపుడు ప్రాణము పోయినట్లు ఏడ్చును. తుదకు పిల్లను విడిచి పెట్టెను చేరి తృప్తిపడును. అతనికి ధనమే ప్రియురాలు. లుబ్ధావధానుల కట్టి పెట్టె లేదు. నాటకాంతమున అతనిని చేర్చుకొనుటకు ఏ బంగారమును ఎదురుచూచుచుండలేదు. హార్పగాను చివరవఱకు హాస్యపాత్రగనే నిలుచును. లుబ్ధావధానులు సౌజన్యారావు పంతులు ఇంట దీనుడై కూర్చున్నపుడు మన నవ్వులో నేదో చేదు చేరును. ఫ్రెంచి నాటకమునకు ఇది యెక్కువయని కాదు. అచ్చట లోభము ఒకని స్వభావము. ఇచ్చట అది ఒక అగ్రహారపు వాతావరణము.

అగ్నిహోత్రావధానులు దీనికి నిదర్శనము. ఇతడు పిసినారి కాడు. బుచ్చమ్మను ద్రవ్యము పుచ్చుకొని ఒక వృద్ధునకిచ్చెను. ఆమె విధవయై పుట్టింటనున్నది. ఆ ద్రవ్యమేమైనది? ఇల్లు బాగుపడలేదు, భార్య మెడలో సొమ్ము చేరలేదు, కొడుకు పుస్తకములకు పైకమడిగినపుడు తండ్రి మండిపడును. సుబ్బిని అమ్మిన ధనమును అంతే యగునని చెప్పుటకు జ్యోతిషము అక్కఱలేదు. ఇతని రూపాయి కచేరి దారి పట్టును. దావా ఇతనికి వ్యసనము. ఆస్తికంటె దావాయే ఇతని ఆస్తి. గిరీశమిది ఒక్క పూటలో కనిపెట్టి, కాగితములను పొగడి, ఇంట చోటు సంపాదించినాడు. ఈ వ్యసనము వెనుక నున్నదేమి? వేదము చదివిన అగ్రహారికునకు పూర్వము రాజసభలో దొరకిన గౌరవము ఆంగ్లప్రభుత్వమున దొరకదయ్యెను. క్రొత్త అధికారము నివసించు చోటు కచేరి. అచ్చట తన పేరు పిలువబడుట, తన కాగితముపై ముద్ర పడుట, ఎదిరి ఓడుట: ఇవి ఇతనికి పోయిన గౌరవమునకు బదులు. కావున ఇతడు కూతును అమ్మి కొనుచున్నది ముద్రకాగితము. చిన్నబడుదునేమోయను భయము ఇతనిది. ఇతని కోపమును గూర్చి అందఱును చెప్పుదురు. ఆ కోపము క్రింద వణకు కలదని ఎవరును చెప్పరు. వెంకమ్మ నూతిలో దూకిన తరువాతను నిశ్చయము మార్చుకొనకుండుట ధనాశవలన మాత్రము సాధ్యము కాదు. ఆడదాని మాటకు లొంగినాడని ఊరు నవ్వునను భయముతో పోల్చినచో పదునెనిమిదివందలు చిన్న మొత్తము.

ఈ ఆచారమున మఱియొక ముడి కలదు. శుల్కము చెల్లు సంఘమున ఆడుబిడ్డయు మగబిడ్డయు గల గృహస్థు కూతునకు పుచ్చుకొన్న దానిని కోడలికై ఈయవలసియుండును. అనగా ఆ ధనము ఏ ఇంటను నిలువదు, ఇల్లిల్లు తిరుగుచుండును, అది తిరుగుటకు ఇరుసు ఆడుపిల్ల. అట్టిచోట ఒకడు మాత్రము నేను పుచ్చుకొననని పలుకుట కష్టము, వాని కొడుకునకు పిల్ల దొరకదు గనుక. అగ్నిహోత్రావధానులను తిట్టుట సులభము. ఈ చక్రమును తిట్టుట కష్టము. అప్పారావుగారు మనకు సులభమైన పనిని ముందు ఇచ్చి, కష్టమైన పనిని మెల్లగ చేతిలో పెట్టుదురు.

రామప్పపంతులను గూర్చి విస్తరింప నక్కఱలేదు. భయములున్న చోట దళారి బ్రదుకును. ఒకరి ఎఱుగమిని మఱియొకరికి అమ్ముట ఆతని వృత్తి; తానును అట్లే అమ్ముడుపోవుట ఆతనికి తగిన శాస్తి.

మధురవాణియొద్ద ఆగవలెను. ఈ నాటకమున ధనముతో ఆరోగ్యకరమైన సంబంధము గలది ఆమె యొక్కతె. ఆమె ఉదారురాలు గనుక ధనమును లక్ష్యపెట్టదని చెప్పుట పరిపాటి. ఇది పొరపాటు. ఆమె చక్కగ లక్ష్యపెట్టును. ఆమె కంటె పెండ్లికూతురి మెడలోనికి పోయినది రామప్పపంతులు పూచీమీద; పెండ్లికూతురు మాయమైనపుడు ఆమె కంటెకై పంతులను నిలదీయును. పేకాటలో పోలిశెట్టితో సరిగ లెక్క చూచుకొనును. తన వృత్తికి వెల యున్నదని దాచదు. దానికి వేఱు పేరును పెట్టదు. మర్యాదస్థులందఱును అమ్మకమునకు శుల్కమని, లంచమునకు మామూలని, మోసమునకు సంస్కారమని పేర్లు పెట్టుచుండగ, వెలను వెలయని పిలుచునది వెలయాలు. ఆ నిజాయితీవలన ఆమెకు ఇతరులకు లేని విద్య యొకటి అబ్బినది: దేనికి వెల కట్టవచ్చునో, దేనికి కట్టరాదో ఆమెకు తెలియును. శరీరసౌఖ్యమునకు వెల కట్టిన స్త్రీ, పదియేండ్ల పిల్ల బ్రతుకునకు వెల కట్టుటను సహింపలేక కరటకశాస్త్రి పన్నాగమున చేరును. ఈ పని వలన ఆమెకు దొరకునది లేదు, పోవునది కలదు.

తుదియంకమున ఈ విషయము పరీక్షకు వచ్చును. లుబ్ధావధానులు నిర్దోషియని నిరూపింపగల రహస్య మామెయొద్ద నున్నది. పురుషవేషమున సౌజన్యారావు పంతులు ఇంటికి పోయి, దానికి ప్రతిఫల మడుగును. రొక్కము కాదు, ముద్దు. వేశ్యాసంపర్కమును ఏవగించుకొను వకీలు చాలసేపు కొట్టుమిట్టాడి, ఒక నిరపరాధిని రక్షించుటకై ఒప్పుకొనును. ఆయన ఒప్పుకొన్న తోడనే ఆమె తన బాకీని వదలుకొనును, చెడనివారిని చెడగొట్టరాదని తల్లి విధించిన కట్టడిని తలచి. ఈ రంగమును ప్రణయరంగమని కొందఱు, సంస్కర్తకు ఎత్తిపొడుపని కొందఱు వ్యాఖ్యానించిరి. ధనదృష్టితో చూచినచో ఇది నాటకమున మొదటి న్యాయమైన బేరము. వెల ముందు చెప్పబడినది. ఇచ్చువానికి బాధ గలిగినది. పుచ్చుకొనునది తన హక్కును నిలుపుకొని తన ఇచ్చతో వదలినది. వదలుకొనుటకు ముందు ఒకటి తనదై యుండవలెను. లుబ్ధావధానులు వదలుకొనలేడు, అతనికి ఏదియు తనదను నమ్మకము లేదు గనుక. గిరీశము వదలుకొనలేడు, అతనికి ఏదియు లేదు గనుక. సౌజన్యారావు ప్రతిగ ఆమెకు భగవద్గీత నిచ్చును. అది ప్రతిఫలమో, ఉపదేశమో, క్షమార్పణమో తేల్చుటకు నాకు సాధ్యము కాలేదు; తేలకుండుటయే మేలేమో.

కన్యాశుల్కము మన సమాజమున చాలవఱకు అంతరించినది. ఇది నాటకపు విజయమని మనము సంతోషించుటకు వీలులేదు. అదే యిండ్లలో అదే పీటలపై వరశుల్కము వచ్చి కూర్చున్నది. 1961లో వరకట్ననిషేధచట్టము వచ్చినను ఆ పీట ఖాళీ కాలేదు. కాళ్లకూరి నారాయణరావుగారు వరవిక్రయమున దీనిని నాటకముగ మలచిరి; అందలి సింగరాజు లింగరాజు లుబ్ధావధానులకు సాహిత్యమున వారసుడు. లింగరాజు పిసినారితనము హాస్యమునకు ఎక్కువ ఉపకరించును. భయము తక్కువ, దురాశ ఎక్కువ. పాత్రపోషణమున అతడు లుబ్ధావధానులకు సాటిరాడు. కాని ఆ నాటకమున అప్పారావుగారియందు లేని యొకటి కలదు. కన్యాశుల్కమున ఎవతె తలపై పదునెనిమిదివందలున్నవో ఆ సుబ్బి మాట మనకు వినబడుట మిక్కిలి అరుదు. ఆమెను తప్పించుటకు తల్లి నూతిలో దూకును, మేనమామ నాటకమాడును, వేశ్య కంటె నిచ్చును. ఆమె నెవరును అడుగరు. వరవిక్రయమున కాళింది నూతిలో పడి మరణించిన తరువాత, ఆమె చెల్లెలు కమల అదే బసవరాజును పెండ్లాడి, అత్తవారింటికి పోనని కూర్చుండును. ధనము పుచ్చుకొన్నవాడు అమ్ముడుపోయినవాడు. కొన్నవారి యింటికి రావలసినవాడు అతడే. ఇది ఆమె వాదము. న్యాయస్థానమునగూడ ఆమె ఈ లెక్కనే విప్పును. శుల్కమను మాటపై కప్పిన శాలువ, కట్నమను మాటపైకి మారినదానిని, ఆమె ఒక్క కూడికతో లాగివేసినది. పాతపద్ధతిలో ధనమిచ్చినవాడు పిల్లను తీసికొనిపోయెను. క్రొత్తపద్ధతిలో ధనమును పిల్లయు ఒకే బండిలో ఒకే యింటికి పోవుచున్నవి. ఏ అంగడిలోను ఇట్టి బేరము లేదని లుబ్ధావధానులైనను చెప్పగలడు.